తాతల నాటి మందే, మరి పరీక్ష ఎన్నాళ్లది?

‘ఆకులూ వేళ్లే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి?’ ఈ మాట డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు అంటుంది. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన నా ఇంజినీరింగ్ స్నేహితుడూ అంటాడు. నేనుంటున్న యాంగోన్‌లో, అంటే మన పెద్దవాళ్లు ‘రంగం’ అని పిలిచిన ఊళ్లో, నాలుగైదు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలదీ ఇదే మాట. ఇండియా వెళ్లొచ్చిన ప్రతివాళ్ల సూట్‌కేసులో ఆవకాయ డబ్బా పక్కన ఒక చూర్ణం, ఒక లేహ్యం సీసా, పేరు రాయని ఒక పొట్లం ఉంటాయి. ఆవకాయలో ఉప్పు సరిపోయిందో లేదో పదిమందిని అడుగుతాం. ఆ పొట్లంలో ఏముందో, దాన్ని ఎవరైనా ఎప్పుడైనా పరీక్షించారో మాత్రం అడగం.

నేను డాక్టర్ని కాదు, ఆయుర్వేద వైద్యుణ్నీ కాదు. కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసి, ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ని. మా పనిలో సగం పరీక్షలే. ఏ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియకపోతే మాకు పూట గడవదు. ఆ అలవాటుతోనే కొన్నాళ్లుగా మూలికల విషపరీక్షల గురించి దొరికినంత చదువుతున్నాను. మన ఇళ్లలో అందరూ నమ్మే ‘తాతల అనుభవం’ అన్నది నిజంగా ఒక పరీక్షే అని నాకు అనిపిస్తోంది. కాకపోతే అది సగం పరీక్ష. రెండో సగం గురించే ఈ నాలుగు మాటలు.

మా ఆఫీసు సేక్కాన్‌లో ఉంది. బర్మా భాషలో ఆ మాటకు రేవు అని అర్థం. స్ట్రాండ్ రోడ్డుకూ నదికీ మధ్య సన్నటి పట్టీలా పరుచుకున్న టౌన్‌షిప్ అది. జెట్టీలు, గోదాములు, షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసులు తప్ప కాపురాలు తక్కువ. ఆ ఏజెంట్లకు సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. నూరేళ్ల కిందట ఈ రేవులో మూటలు మోసినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లను, కోరంగి రేవు పేరు మీద, ‘కోరంగీలు’ అనేవారు. 1930 మే నెలలో ఈ తెలుగు కూలీల సమ్మె తర్వాతే రంగూన్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. అది వేరే కథ. కూలీలతో పాటు వాళ్ల ఇంటి మందులు కూడా ఓడెక్కాయన్నది ఇక్కడ మనకు కావలసిన సంగతి. కొన్ని మొక్కలైతే ఇక్కడా ముందు నుంచే ఉన్నాయి. మన నేలవేమును బర్మావాళ్లు ‘సే ఖా జీ’ అంటారు, పెద్ద చేదుమందు అని. నాలుక మీద వేసుకున్నవాళ్లెవరూ ఆ పేరుకు అభ్యంతరం చెప్పరు.

రేవు దగ్గర టీ కొట్టులో ఒక తెలుగు పెద్దాయన తరచూ కలుస్తుంటారు. డెబ్బై దాటాయి. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు. రోజూ పొద్దున్నే ఏవో వేళ్లు మరగబెట్టిన కషాయం తాగి బయల్దేరతారు. ‘అందులో ఏం వేస్తారు మావయ్యగారూ?’ అని ఒకసారి అడిగాను.

‘ఏటో బాబూ, మా తాత తాగాడు, మా అయ్య తాగాడు, నాను తాగుతున్నాను. ఎవులైనా సచ్చారేటి?’ అన్నారాయన.

ఆయన్ని తీసిపారేయడం నాకు చేతకాదు. 2021 తర్వాత ఈ దేశంలో ఆస్పత్రుల పరిస్థితి మీరు వార్తల్లో చదివే ఉంటారు. మందుల షాపులో అడిగిన మాత్ర దొరకని రోజులున్నాయి, దొరికినా కొనలేని రోజులున్నాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు కషాయం ఒక ఇష్టం కావచ్చు. ఇక్కడ చాలామందికి చేతికందేది అదొక్కటే. కాబట్టి ‘మానేయండి’ అని చెప్పడం తేలిక, చెప్పి ఇంటికెళ్లడం ఇంకా తేలిక. ఆయన అడిగిన ప్రశ్నకు సరైన సమాధానం వెతకడమే మర్యాద.

ఎవరైనా చచ్చారా? గంటలో చచ్చేవాళ్లుంటే ఊరంతటికీ తెలుస్తుంది. గన్నేరు పప్పు తింటే ఏమవుతుందో మన పల్లెల్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఉమ్మెత్త సంగతి కూడా అంతే. అయినా 2020 ఏప్రిల్‌లో, ఉమ్మెత్త కాయ కరోనాకు మందని ఒక టిక్‌టాక్ వీడియోలో చూసి, చిత్తూరు జిల్లాలో కొందరు ఆ రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. తాత చెప్పింది మరిచిపోయి ఫోను చెప్పింది విన్నందుకు వచ్చిన తంటా అది. తాతల అనుభవం ఇలాంటి విషాన్ని బాగా పట్టుకుంటుంది. తాగిన వెంటనే వాంతులు, మత్తు, మూర్ఛ వస్తే ఆ మొక్క ‘మందు’ జాబితాలోంచి పోతుంది. అంటే తరతరాలుగా మనుషుల మీదే జరిగిన పరీక్ష ఇది. కానీ పదేళ్ల తర్వాత ఒకరికి మూత్రపిండాలు పోతే, ‘ఇది ఫలానా వేరు వల్ల’ అని ఏ తాత గుర్తుపడతాడు? ‘వయసైపోయింది’ అంటాడు. ‘కర్మ’ అంటాడు. వేరు జాబితాలోనే ఉండిపోతుంది.

విచిత్రమేమిటంటే, ప్రయోగశాలలో మొదట చేసే పరీక్షకూ ఇదే గుడ్డితనం ఉంది.

మూలికను నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి, వడగట్టి, ఆరబెడితే మిగిలేది సారం. దాని విషం ఎంతో చూడటానికి ముందుగా చేసేది తీవ్ర విషపరీక్ష. పరీక్షించిన జంతువుల్లో సగం చనిపోయే మోతాదును కొలతగా తీసుకోవాలని 1927లో ట్రెవన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఎల్‌డీ50 అంటే అదే. అప్పట్లో ఇందుకు పదుల కొద్దీ జంతువులు బలయ్యేవి. ఇప్పుడు ఓఈసీడీ 423వ మార్గదర్శకం ప్రకారం ఒక్కో మెట్టుకు మూడు ఎలుకలు చాలు. శరీర బరువు కిలోకు 5, 50, 300, 2000 మిల్లీగ్రాములు అన్న మెట్లలో ఒకదానితో మొదలుపెట్టి, ఎలుకలు బతికితే పైకి, చస్తే కిందికి వెళతారు. మందు ఇచ్చాక 14 రోజులు గమనిస్తారు. ఇంకా చవకైన పరీక్ష మరొకటుంది. ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవి పిల్లల్ని సారం కలిపిన నీళ్లలో వదిలి, 24 గంటల్లో ఎన్ని చనిపోయాయో లెక్కపెట్టడం. కాలేజీ ల్యాబుల్లో మూలికల మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఇది కొల్లలుగా కనిపిస్తుంది.

యాంగోన్‌లోనే 1963 నుంచి వైద్య పరిశోధన సంస్థ ఉంది. బర్మా సంప్రదాయ మందుల మీద ఎలుకలతో తీవ్ర విషపరీక్షలు చేయడం దానికి కొత్తేమీ కాదు. 1996లో ఈ దేశం సంప్రదాయ మందులకు ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం మందును నమోదు చేయించాకే అమ్మాలి. మాండలేలో 2001 నుంచి సంప్రదాయ వైద్యానికి ఒక విశ్వవిద్యాలయం కూడా నడుస్తోంది. బయటి నుంచి చూసేవాళ్లు అనుకునేంత వెనకబాటు ఏమీ లేదు. ఇబ్బంది పరీక్ష చేయకపోవడంలో కంటే, ఫలితాన్ని చదవడంలో ఉంది. ‘2000 మిల్లీగ్రాముల వరకు 14 రోజుల్లో ఏ ఎలుకా చనిపోలేదు’ అని శాస్త్రవేత్త రాసిన వాక్యం డబ్బా మీదకు వచ్చేసరికి ‘పూర్తిగా సురక్షితం’ అయిపోతుంది.

మా వృత్తిలో కొత్త ప్రోగ్రాం రాయగానే స్మోక్ టెస్ట్ చేస్తాం. ఆన్ చేస్తే పొగ వస్తోందా లేదా అని చూడటం లాంటిది. పొగ రాకపోతే సంతోషం. కానీ అంతటితో కస్టమర్‌కు ఇచ్చేయం. రోజుల తరబడి ఆపకుండా నడిపి, మెమరీ ఎక్కడైనా కొద్దికొద్దిగా కారిపోతోందేమో చూస్తాం. దాన్ని సోక్ టెస్ట్ అంటాం. 14 రోజుల ఎలుక పరీక్ష స్మోక్ టెస్ట్. సోక్ టెస్టులు వేరే ఉన్నాయి. 28 రోజులు, 90 రోజులు రోజూ మందిచ్చి, రక్తం తీసి, కాలేయం, మూత్రపిండాలు కోసి సూక్ష్మదర్శిని కింద చూసేవి. జన్యువుల్లో మార్పు తెస్తుందా అని బ్యాక్టీరియా మీద చూసే ఏమ్స్ పరీక్ష. గర్భంలో పిల్లకు హాని చేస్తుందా అని చూసేది ఇంకొకటి. వీటికి ఖర్చెక్కువ, సమయమెక్కువ. అందుకే తక్కువ మూలికలకు జరుగుతాయి.

జరగకపోతే, లేదా జరిగినా పట్టించుకోకపోతే ఏమవుతుందో బ్రస్సెల్స్ కథ చెబుతుంది. 1990లో అక్కడ ఒక బరువు తగ్గించే క్లినిక్ తన మాత్రల్లో రెండు చైనా మూలికలు చేర్చింది. కొద్ది కాలానికే, అంతవరకు ఆరోగ్యంగా ఉన్న మహిళలకు మూత్రపిండాలు పాడవడం మొదలైంది. 1993లో డాక్టర్లు ఆ సంగతి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. లెక్క వందకు పైగా తేలింది. తర్వాత వాళ్లలో 39 మందికి ముందుజాగ్రత్తగా మూత్రపిండాలు తీసేస్తే 18 మందికి అప్పటికే మూత్రనాళాల్లో క్యాన్సర్ కనిపించింది. కారణం అరిస్టలోకిక్ ఆమ్లం. ఆ ఆమ్లం ఎలుకల్లో క్యాన్సర్ తెస్తుందని జర్మనీలో 1980ల మొదట్లోనే తేలింది, అక్కడ ఆ మందుల్ని మార్కెట్ నుంచి తీసేశారు కూడా. పదేళ్ల ముందే పరీక్ష చెప్పింది. బ్రస్సెల్స్‌లో ఆ మొక్క వేరే పేరుతో వచ్చింది, అంతే. చైనా భాషలో ఒకేలా వినిపించే రెండు పేర్లు కలిసిపోయి, ఒక దుంప బదులు మరొకటి మాత్రల్లోకి వెళ్లింది.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. అదే అరిస్టలోకియా కుటుంబంలోదే మన ఈశ్వరి వేరు. పాముకాటుకనీ, జ్వరానికనీ, కడుపునొప్పికనీ మన పల్లెల్లో వాడుతూ వచ్చినదే. అరిస్టలోకిక్ ఆమ్లం ఉన్న మొక్కల్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2002లోనే మొదటి వరసలో పెట్టింది. ఏ తాతా ఈశ్వరి వేరు నమలగానే కింద పడిపోయి ఉండడు. అందుకే అది మన జాబితాలో మిగిలింది.

ఇక పేర్ల గందరగోళం చూడాలంటే సేక్కాన్ నుంచి నాలుగడుగులు వేసి పబేడాన్‌లోని తెయింజీ బజారుకు వెళితే చాలు. ఒకప్పటి సూరతీ బజారు అది. మసాలా దినుసుల పక్కనే వేళ్లు, బెరళ్లు, ఎండు తీగలు కట్టలు కట్టలుగా ఉంటాయి. కొనేవాళ్లు తెలుగులో ఒక పేరు తలచుకుని, హిందీలో అడుగుతారు. అమ్మేవాళ్లు బర్మా పేరు చెప్పి ఇస్తారు. మూడు భాషలు దాటి ఇంటికొచ్చిన వేరు, బయల్దేరినప్పుడు అనుకున్న వేరేనా? ఎండిపోయిన తీగను చూసి చెప్పడం వృక్షశాస్త్రం చదివినవాళ్లకే కష్టం.

మన తిప్పతీగ మీద జరిగిన వాదన ఇదే. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తికని దాన్ని విపరీతంగా తాగారు. 2021లో ముంబయి డాక్టర్లు ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని రాశారు. మీరు చూసింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన ఇంకో తీగా అని ఆయుష్ శాఖ ఎదురడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. మరుసటి ఏడాది అనేక నగరాల ఆస్పత్రులు కలిసి 43 మంది రోగుల వివరాలతో మరో పత్రం ప్రచురించాయి. వాళ్లలో చాలామందికి ముందునుంచే కాలేయ సమస్యో, రోగనిరోధక వ్యవస్థ తిరగబడే స్వభావమో ఉంది. ఆయుష్ శాఖ తన మాట మార్చుకోలేదు. నా మట్టుకు నేను ఎవరి పక్షమూ తీసుకోను. అయితే కోట్లమంది వాడే తీగ గురించి ‘అది అదేనా’ అన్న ప్రశ్న రోగులు ఆస్పత్రికి వచ్చాక తేల్చుకోవలసిన దుస్థితి మనకెందుకు?

మొక్క సరైనదే అనుకుందాం. అప్పుడైనా ఫలితం మొక్కది కాదు, ఆ సారానిది. మన భాషలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. వాగుడుకాయను ‘వసపిట్ట’ అంటాం. పిల్లలకు మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తాం కదా, అక్కడి నుంచి వచ్చిన మాట. ఆ వసను ఆహారంలో వాడకూడదని అమెరికా 1968లో నిషేధించింది. జమ్మూ రకం వస నుంచి తీసిన నూనెను ఎలుకలకు దీర్ఘకాలం తినిపిస్తే పేగుల్లో కణుతులు వచ్చాయి మరి. బీటా అసరోన్ అనే పదార్థం మీద అనుమానం. అమెరికాలో సహజంగా పెరిగే వసలో అది ఉండదు, మన దేశపు వసలో ఎక్కువ. ఇప్పుడు చెప్పండి, మన అమ్మమ్మలు పిల్లలకు విషం పెట్టారా? అలా అనలేం. ఒక వేలికొస తడి వేరు, నెలల తరబడి తాగించిన నూనె ఒకటి కావు. అలాగని ‘అమ్మమ్మ పెట్టింది కదా’ అని ఇంటర్నెట్‌లో దొరికే వస నూనెను, వస క్యాప్సూల్‌ను పిల్లలకు పట్టించడమూ ఒకటి కాదు. అమ్మమ్మ పరీక్షించింది వేలికొస మోతాదును. క్యాప్సూల్‌ను ఆమె చూడనే లేదు.

నేలవేముదీ ఇదే తీరు. దాని ఆకుపొడి రోజూ పెడితే మగ ఎలుకల్లో సంతానశక్తి తగ్గిందని మన దేశపు పరిశోధకులు 1990లో రాశారు. 1997లో చిలీ పరిశోధకులు ప్రమాణీకరించిన సారాన్ని కిలోకు 1000 మిల్లీగ్రాముల దాకా 60 రోజులు ఇచ్చి, వృషణాలకు ఏ హానీ కనిపించలేదన్నారు. ఒకరు అబద్ధమాడి ఉండాలని అనుకోనక్కర్లేదు. ఒకటి పొడి, మరొకటి సారం. ‘నేలవేము సురక్షితం’ అన్న మాటకు అర్థమే లేదు. ఏ నేలవేము, ఏ రూపంలో, ఎన్ని రోజులు అని అడిగితేనే అర్థం వస్తుంది.

భారత ఔషధ నియమాల్లో 158-బి అని ఒకటుంది, 2010 నాటిది. ప్రాచీన గ్రంథాల్లో ఉన్న పద్ధతిలో చేసిన మందుకు లైసెన్సు కోసం కొత్తగా విషపరీక్ష అక్కర్లేదు. నీళ్లు, ఆల్కహాల్ కాక వేరే ద్రావకంతో సారం తీస్తే మాత్రం తీవ్ర, దీర్ఘకాలిక పరీక్షలతో పాటు జన్యువుల మీద, గర్భం మీద ప్రభావమూ చూడాలి. అంటే ద్రావకం మారితే మందు మారినట్టేనని చట్టమే ఒప్పుకుంది. ఈ ఒక్క సూత్రం మన ఇళ్లలోకి వచ్చినా చాలు అనిపిస్తుంది నాకు.

ఇంతసేపూ మొక్కలోని విషం గురించే మాట్లాడాను. నిజానికి విదేశాల్లో ఉన్న మన కుటుంబాలకు ఎక్కువ దెబ్బ తగిలింది మొక్కలో లేని విషం వల్ల. 2009లో అమెరికాలోని ఫోర్ట్ వేన్ అనే ఊళ్లో, బర్మా నుంచి శరణార్థులుగా వెళ్లిన కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. వెతుక్కుంటూ వెళితే, అరుగుదలకని పసిపిల్లలకు ఇచ్చే ‘దా త్వే’ అనే పొడి దగ్గర తేలారు. ఆ పొడిలో సీసం 970 పీపీఎం దాకా, ఆర్సెనిక్ 7,100 పీపీఎం దాకా ఉంది. మన దేశం మూలికల మందుల్లో సీసానికి పెట్టిన పరిమితి 10, ఆర్సెనిక్‌కు 3. సీసం పిల్లల మెదడును తింటుంది, అది కూడా చప్పుడు చేయకుండా. తల్లికి కనిపించేదల్లా గ్యాస్ తగ్గి నిద్రపోతున్న బిడ్డ.

మనవాళ్ల సంగతి? 2004లో బోస్టన్ చుట్టుపక్కల దక్షిణాసియా దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 డబ్బాల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో దొరికింది. 2012లో న్యూయార్క్ ఆరోగ్య శాఖ ఆరుగురు గర్భిణుల గురించి చెప్పింది, ఆయుర్వేద మందులతో రక్తంలో సీసం చేరినవాళ్లు. గర్భం నిలవడానికనీ, కడుపులో బిడ్డ ఆరోగ్యానికనీ తీసుకున్న మందులు కూడా వాటిలో ఉన్నాయి.

పూర్తిగా మూలికలతో చేసిన మందుల్ని ఎగుమతి చేయాలంటే భారలోహాల పరీక్ష తప్పనిసరని భారత ప్రభుత్వం 2006 జనవరి 1 నుంచి ఆదేశించింది. మంచి పని. కానీ ఆ ఆదేశం ఎగుమతి సరుకుకు. మన సూట్‌కేసులో వచ్చేది ఎగుమతి సరుకు కాదు. విజయవాడలో ఊరి షాపులో కొన్నది, పక్కింటి పెద్దమ్మ నూరి ఇచ్చింది, తెలిసిన నాటువైద్యుడు పొట్లం కట్టింది. విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం పెట్టిన పరీక్షను విదేశాల్లో ఉన్న మనమే చక్కగా తప్పించుకుంటున్నాం, అదీ ఎయిర్‌లైన్స్‌కు అదనపు బరువు ఛార్జీ కట్టి మరీ!

కృష్ణపట్నం గురించి ఒక్క మాట చెప్పకుండా వదలడం బాగుండదు. 2021 మేలో ఆనందయ్య మందు కోసం జనం తోసుకున్నప్పుడు, పార్సిల్ వస్తుందా అని విదేశాల నుంచి వెళ్లిన ఫోన్లకూ లెక్కలేదు. ప్రభుత్వం పంపిణీ ఆపి, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక వచ్చాక మే 31న కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందుకు అనుమతిచ్చింది. ఆపడం సరైనదే. చుక్కల మందును పక్కన పెట్టడం ఇంకా సరైనది. కంటికి రెండో అవకాశం ఉండదు. కానీ ‘హాని కనిపించలేదు’ అని అధికారులన్న మాట మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి ‘కరోనా తగ్గుతుందని ప్రభుత్వం ఒప్పుకుంది’ అయింది. విషపరీక్ష నెగ్గడం వేరు, రోగం తగ్గించడం వేరు. పంపు నీళ్లు కూడా విషపరీక్ష నెగ్గుతాయి.

ఇలా మాట్లాడితే ‘మన సంప్రదాయాన్ని అనుమానిస్తున్నావు’ అంటారు. నాకు అలా అనిపించదు. ముష్టి గింజల్ని పాలలో ఉడికించి, పైతోలు తీసి, ఆ తర్వాతే వాడమన్నది మన గ్రంథాలే. నల్లజీడికీ, నాభికీ శుద్ధి చెప్పింది మనవాళ్లే. విషం కాదనుకుంటే శుద్ధి ఎందుకు? ఆ పెద్దలు చేతిలో ఉన్న సాధనాలతో పరీక్షించారు. వాళ్లకు సూక్ష్మదర్శిని లేదు, సీసాన్ని కొలిచే యంత్రం లేదు. ఉంటే మనకన్నా ముందు వాళ్లే వాడేవారని నా నమ్మకం. ఇప్పటి చట్టంలోనూ ముష్టి, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, నేపాళం లాంటివాటికి ప్రత్యేక జాబితా ఉంది. అవి ఉన్న మందు డబ్బా మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలని రాసి తీరాలి. పేరు లేని పొట్లం మీద ఎవరు రాస్తారు?

నా ప్రతిపాదన చిన్నది. ప్రతి ఊళ్లోనూ మనకు తెలుగు సంఘం ఉంది. కొన్ని ఊళ్లలో రెండు మూడు కూడా ఉన్నాయి. సంక్రాంతి భోజనాలకు, సినిమా వాళ్లను పిలిపించడానికి చందాలు వేసుకుంటూనే ఉన్నాం. ఏడాదికోసారి, తమ సభ్యుల ఇళ్లలో ఎక్కువగా వాడే పది మందుల్ని పోగుచేసి, గుర్తింపు పొందిన ల్యాబులో సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం ఎంతున్నాయో చూపించి, ఫలితాల్ని సభ్యులందరికీ పంపితే చాలు. మొక్క సారానికి 90 రోజుల ఎలుక పరీక్ష మన వల్ల కాదు, అది ప్రభుత్వాలూ విశ్వవిద్యాలయాలూ చేయాలి. లోహాల పరీక్ష మన వల్ల అవుతుంది. పసిపిల్లల పొడులు, బాలింత కాయం, గర్భిణులు తాగే లేహ్యాలు, షుగరుకని రోజూ వేసుకునే చూర్ణాలు, ఈ వరసలో మొదలుపెట్టాలి. ఏళ్ల తరబడి వాడేవి, చిన్న శరీరాల్లోకి వెళ్లేవి ముందు.

అందాకా ఇంట్లో ఏ మందు వాడుతున్నా డబ్బాను రెండు వైపులా ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి. డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు ‘ఇంకేమైనా వాడుతున్నారా’ అని అడిగితే, ‘ఏమీ లేదండీ’ అనకుండా అది చూపించండి. ఆపరేషన్ ముందు, రక్తం పల్చబడే మందులు వాడుతున్నప్పుడు అడగకపోయినా చూపించండి.

యాంగోన్‌లో మేం కొందరం దీని గురించి మాట్లాడుకున్నాం. బర్మా మందులైతే నమోదు సంఖ్య ఉన్నవే కొనాలని ఒక మాట అనుకున్నాం. ఇండియా నుంచి వచ్చే పొట్లాల విషయంలో ఎవరెవరు ఏం తెస్తున్నారో పట్టిక రాయడం మొదలైంది. తెచ్చిన ప్రతిదానిలో సగం మూత గట్టిగా బిగించి, కొన్న ఊరు, తేదీ, అమ్మినవాళ్లు చెప్పిన పేరు కాగితం మీద రాసి అంటించి పక్కన పెడుతున్నాం. పరీక్షకు పంపే దారి దొరికిన రోజున ఏది ఎక్కడిదో తెలియాలి కదా. ఇప్పటికి పట్టికలో 17 పేర్లు చేరాయి. వాటిలో ఆరింటికి తెచ్చినవాళ్లే పేరు చెప్పలేకపోయారు. ఆ ఆరింటి పక్కన ప్రస్తుతానికి ‘గోధుమరంగు పొడి’ అని రాసి ఉంచాం.